ఒక్క రోజూ మానని పిల్ల

మా పదో తరగతి వాట్సాప్ గ్రూపులో ఏడాదికోసారి ఎవరో ఒకరు ఆ ఫొటో పెడతారు. ఫేర్‌వెల్ రోజు బడి మెట్ల మీద తీసింది. ముందు వరసలో ఆడపిల్లలందరి కళ్ళూ నీళ్ళతో మెరుస్తుంటాయి. దాని కింద ఏడుపు బొమ్మలు, గుండె బొమ్మలు, 'ఆ రోజులు మళ్ళీ రావు' అనే వాక్యం వరసగా వచ్చిపడతాయి. ఆ వాక్యం ఎక్కువగా రాసేది ఐదేళ్ళూ వెనక బెంచీలో నిద్రపోయినవాళ్ళే.

ఇక నిజం చెప్పేస్తున్నాను. అవి విడిపోతున్నందుకు వచ్చిన కన్నీళ్ళు కావు, మిరపకాయ ఘాటుకి వచ్చినవి. వరస మధ్యలో, కొత్త లంగావోణీల నడుమ, మగవాళ్ళ ఫుల్‌చేతుల చొక్కా వేసుకుని ఒక పిల్ల నిలబడి ఉంటుంది. ఘాటంతా ఆ చొక్కాదే. ఫొటోలో నవ్వుతున్నది ఆ పిల్ల ఒక్కతే. తనకి అలవాటు మరి.

మాది నందిగామ నుంచి చందర్లపాడు వెళ్ళే దారిలో ఒక ఊరు. ఊరి హైస్కూల్లో ఆరు నుంచి పది దాకా ముప్ఫై నాలుగు మందిమి కలిసి చదివాం. చదివాం అని మర్యాదకి అంటున్నాను. కంప్యూటరు గదికి ఎప్పుడూ తాళమే, కంప్యూటర్లకి మాత్రం మా యూనిఫారాల కంటే మంచి గుడ్డలు కప్పి ఉంచేవారు. సైన్సు గదిలో ఉన్న ఒకే ఒక్క అస్థిపంజరం బొమ్మకి ఎడమ చెయ్యి లేదు. మనిషికి ఎముకలెన్ని అని పరీక్షలో అడిగితే మావాడొకడు ఆ చేతి ఎముకలు తీసేసి మిగతావి రాశాడు. మేము మనసుపెట్టి, తప్పుల్లేకుండా చేసిన పని ఆ ఐదేళ్ళలో ఒక్కటే ఉంది. దాని గురించే ఇదంతా.

మా క్లాసు టీచరు లెక్కల సారు. పొద్దున్నే కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి, రిజిస్టరులో తల దూర్చి, పేర్లు కాకుండా నంబర్లు పిలిచేవారు. ఒకటి, రెండు, మూడు అని మిర్చి యార్డులో బస్తాలు లెక్కపెట్టినట్టు పిలుచుకుంటూ పోయేవారు. నాది ఇరవై. నా ముందు పందొమ్మిది, ఫొటోలో చొక్కా పిల్ల. పేరు రాయను, పందొమ్మిది చాలు.

పదో తరగతిలోకి వచ్చాక వాళ్ళమ్మకి నడుం పట్టేసింది. వంగి పని చేయలేని మనిషిని కూలికి ఎవరు పిలుస్తారు? అమ్మ బదులు కూతురు దిగింది. పత్తి తీతలప్పుడు వారానికి మూడు రోజులు బడికొచ్చేది. మిరప కోతలు మొదలయ్యాక ఒక రోజు రావడమే గొప్ప. హాజరు తక్కువైతే హాల్ టికెట్ ఇచ్చేది లేదని హెడ్మాస్టరు ప్రార్థనలో వారం వారం హెచ్చరించేవారు. అందుకని మా బెంచీలో నలుగురం వంతులు వేసుకున్నాం. సారు పందొమ్మిది అనగానే ఆ రోజు వంతున్న పిల్ల గొంతు సన్నం చేసి 'ప్రెజెంట్ సార్' అనాలి. వంతుల పట్టీ రాసేది నేను. సాయంత్రాలు పందొమ్మిదికి నా నోట్సులు ఇచ్చేది కూడా నేనే. ఎంత మంచిదాన్నో అని నాకు నేనే మురిసిపోయేదాన్ని.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. తను కాయ కోస్తున్న చేను మాదే. మా నాన్న రాత్రి అన్నం తింటూ 'ఆ పిల్ల చెయ్యి మిషనే' అని మెచ్చుకునేవాడు. నేను తలవంచుకుని పప్పు కలుపుకునేదాన్ని. పొద్దున మా చేలో ఉన్న పిల్లకి నేను బడిలో ప్రెజెంట్ చెబుతున్నానని ఆయనకి తెలియదు. తనని బడికి పంపు నాన్నా అని అడిగే ధైర్యం నాకు లేదు. పండిన కాయ చెట్టు మీద ఉండిపోతే రంగు పోయి తాలు అవుతుంది. ఆ మాట మా ఇంట్లో దేవుడి మాట కంటే గట్టిది.

ఫిబ్రవరిలో ప్రీఫైనల్ పెట్టారు. లెక్కల్లో రోజూ బడికొచ్చిన నాకు అరవై ఒకటి. నా నోట్సే చదువుకుని, పరీక్షకి మాత్రం వచ్చిన పందొమ్మిదికి ఎనభై నాలుగు. సారు ఊరుకోక, 'ఇరవై, నీ ముందు నంబర్ని చూసి నేర్చుకోవే' అన్నారు. క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు బెంచీలోవాళ్ళతో, 'సారుకి అనుమానం వచ్చిందే, కొన్నాళ్ళు ఆపుదాం' అని పచ్చి అబద్ధం ఆడాను. నమ్మారు. తొమ్మిది రోజులు సారు పందొమ్మిది అని పిలిచారు, ఎవరూ పలకలేదు. నేను మాత్రం ఇరవై అనగానే రోజూకంటే గట్టిగా పలికాను. పదో రోజుకి కోపం చల్లారి, భయం పట్టుకుంది. మళ్ళీ వంతులు మొదలుపెట్టించాను. ఆ తొమ్మిది రోజుల సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఫేర్‌వెల్ నాడు వరండాలో షామియానా కట్టారు. క్లాసు తరఫున జ్ఞాపకాల ప్రసంగం నాదే. 'ఈ ఐదేళ్ళలో ఒక్క రోజు కూడా మేము ఒకరినొకరం వదల్లేదు' అని రాసుకొచ్చాను, సిగ్గు లేకుండా. పందొమ్మిది ఒంటిపూట పని చేసి మూడింటికల్లా వస్తానంది, హాల్ టికెట్లు ఇచ్చేది ఆ రోజే కాబట్టి.

హెడ్మాస్టరు ఆ ఏడాదే బదిలీ మీద వచ్చారు. జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సులో వస్తారు. బస్సు ఎప్పుడొస్తే ఆయనప్పుడు. అలాంటి మనిషికి క్రమశిక్షణ అంటే ప్రాణం. ఆఫీసు కంప్యూటరులో హాజరు లెక్కలు తీయించి, ఎవరికీ చెప్పకుండా ఒక బహుమతి పెట్టారు. మైకు పట్టుకుని ప్రకటించారు.

"ఈ సంవత్సరం ఒక్క రోజు కూడా మానకుండా బడికి వచ్చిన ఏకైక విద్యార్థిని, రోల్ నంబర్ పందొమ్మిది!"

నా పక్కన ఆ రోజు వంతున్న పిల్ల అలవాటు కొద్దీ, "ప్రెజెంట్ సార్!" అని అరిచింది.

షామియానా అంతా గొల్లున నవ్వింది. ఆయనకి అర్థం కాలేదు. "సిగ్గుపడకు, పైకి రామ్మా" అన్నారు. బహుమతి రోజునే పందొమ్మిది ఆబ్సెంటని తెలిస్తే మొత్తం బయటపడుతుంది. పక్కది నా డొక్కలో పొడిచి, "లెగవే, నువ్వెళ్ళు" అంది. వెళ్ళాను. అంతకంటే బుద్ధితక్కువ పని ఇంకోటి లేదని స్టేజీ ఎక్కాక తెలిసింది.

చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా పెట్టి, నా నోటి దగ్గర మైకు పెట్టారు. "ఒక్క రోజు కూడా మానకుండా ఎలా రాగలిగావో చెప్పమ్మా, అందరికీ స్ఫూర్తిగా ఉంటది."

"స్నేహితుల సహకారం వల్ల సార్" అన్నాను.

తొమ్మిదో తరగతివాళ్ళు కుర్చీల మీంచి జారిపోయారు. హెడ్మాస్టరు ముచ్చటపడి, "ఎలాగూ స్టేజీ మీదున్నావు, మొదటి హాల్ టికెట్ నీకే" అంటూ కట్టలోంచి పందొమ్మిదిది లాగారు. హాల్ టికెట్ మీద ఫొటో ఉంటుందని మా ముప్ఫై నాలుగు బుర్రల్లో ఒక్కదానికీ తట్టలేదు. ఆయన ఫొటో చూశారు, నన్ను చూశారు, మళ్ళీ ఫొటో చూశారు.

"ఇదెవరమ్మా?"

"నేనేనండి" అని వెనక నుంచి వినిపించింది. గేటు దగ్గర పందొమ్మిది. చేలో నుంచి నేరుగా వచ్చింది. చొక్కా మీద ఎర్ర దుమ్ము, తలకి తువ్వాలు. నడిచొస్తుంటే దారిలో కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే తుమ్మడం మొదలుపెట్టారు.

హెడ్మాస్టరు మొహం మారిపోయింది. "ఏంటండీ మాస్టారూ ఇది? ఇక్కడ వంద శాతం అనుంది. ఈ పిల్ల పొలంలోంచి వస్తంది. హాల్ టికెట్ ఆపాల్సిందే."

పందొమ్మిది మెట్ల దగ్గరే ఆగిపోయింది. లెక్కల సారు నిదానంగా లేచొచ్చి, హెడ్మాస్టరు చెవి దగ్గర చాలా మర్యాదగా అన్నారు. "హాజరు వేసింది నేనేనండి. మీరింకా జగ్గయ్యపేట బస్టాండులో ఉండగా, మండలాఫీసు నుంచి ఫోనొస్తే మీరొచ్చేశారని చెప్పింది కూడా నేనేనండి."

మైకు ఆన్‌లో ఉంది.

ఒక్కరూ నవ్వలేదు. నవ్వితే పని చెడుతుందని తొమ్మిదో తరగతివాళ్ళకి కూడా తెలిసింది. హెడ్మాస్టరు దగ్గారు, మైకు ఆపారు, హాల్ టికెట్ పందొమ్మిది వైపు చాపి సంతకం పెట్టమన్నారు. తను సంతకం పెట్టి ఆయన పెన్ను ఆయనకిచ్చేసింది. పాపం ఆయన అదే చేత్తో కళ్ళు నలుపుకున్నారు. నీళ్ళు ధారగా కారాయి. పిల్లదాన్ని చూసి కరిగిపోయారనుకుని పెద్దలంతా చప్పట్లు కొట్టారు.

తర్వాత నా ప్రసంగం. ఒకరినొకరం వదల్లేదనే వాక్యం దగ్గరికి వచ్చేసరికి కాగితం మీంచి చూపు తిప్పాను. ఎదురుగా పందొమ్మిది నేనిచ్చిన టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తోంది. ఆ వాక్యం దాటేసి, మధ్యాహ్న భోజనం చాలా బాగుండేదని చెప్పి దిగిపోయాను. అదీ అబద్ధమే, కానీ దాని వల్ల ఎవరికీ నష్టం లేదు.

ఫొటో అయ్యాక సారు సైకిలు స్టాండు దగ్గర దొరికారు. "సార్, తొమ్మిది రోజులు మేము పలకలేదు. నేనే ఆపించాను" అన్నాను. ఏడుపొచ్చేసింది, ఈసారి మిరపకాయకి కాదు.

"తెలుసు" అన్నారు. "మీరు పలికితే వేశాననుకున్నావా? మీ నలుగురి గొంతులూ నాకు తెలవదా? పందొమ్మిదని పిలిచి తలెత్తితే ఖాళీ కనపడుద్ది. కనపడితే ఆబ్సెంట్ వెయ్యాలి. అందుకని ఎత్తలా."

ఆ సాయంత్రం మా నాన్నతో పేచీ పెట్టుకున్నాను. పరీక్షలయ్యేదాకా ఆ పిల్ల పొద్దున్నే నాలుగు సాళ్ళు కోసి ఇంటికెళ్ళి చదువుకోవాలి, మిగతావి నేను కోస్తానని. "నీకు కోతొచ్చా?" అని నవ్వాడు మా నాన్న. కానీ కాదనలేదు. మర్నాడు సాలులో పందొమ్మిది పక్కన వంగి, ఆ తొమ్మిది రోజుల సంగతి చెప్పేశాను. తను చేతిలో కాయలు బుట్టలో పోసి నా వైపు తిరిగింది. నేను తిట్టు కోసం ఎదురుచూస్తున్నాను.

"మార్కుల కోసమా?" అంది.

"ఊఁ."

"హాల్ టికెట్ రాకపోతే నన్ను ఇంక బడిమొహం చూడనిచ్చేవాళ్ళు కాదు, తెలుసా?" అంది. "సరే, తొమ్మిది సాళ్ళు నువ్వే కొయ్యి. కొమ్మలు విరిచావంటే మీ నాన్నకి చెప్తా."

కోశాను. వేళ్ళు నిప్పుల్లో పెట్టినట్టు మండాయి. మజ్జిగలో ముంచినా, నూనె రాసినా తగ్గలేదు. ఆ మంటతో తను రోజూ లెక్కలెలా చేసిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మొదటి పరీక్ష రోజు నందిగామలో సెంటరు గేటు బయట సారు రిజిస్టరు పట్టుకుని నిలబడ్డారు, అందరూ వచ్చారో లేదో చూసుకోవడానికి. నేను చేతికి మిరప ఘాటుందని మర్చిపోయి కళ్ళు నలుపుకుని, ఎవరు ఎవరో కనపడక నిలబడ్డాను. సారు తల వంచుకుని పిలుస్తున్నారు. పదిహేడు, పద్దెనిమిది.

"పందొమ్మిది."

"ప్రెజెంట్ సార్!" అన్నాం, నలుగురం ఒక్కసారే.

"నోళ్ళు ముయ్యండే" అంది నా వెనక నుంచి. "నేనొచ్చా సార్."

సారు తలెత్తి చూశారు. ఆ ఏడాది మొత్తంలో ఆ నంబరు పిలిచి ఆయన తలెత్తడం అదే మొదలు.