అక్కి మీద చేసిన బేరం

ఏడు రోజుల మందును మూడు రోజులకు దింపిన మొనగాణ్ని నేను. గద్వాలలో చీరల దుకాణాల మధ్య పెరిగినవాణ్ని. ఎదుటివాడు చెప్పిన లెక్కకు సరేనంటే ఆ పూట నాకు అన్నం సహించదు.

అరవై ఏడేళ్ల మా ఇంటామెకు నుదుటి మీద కుడివైపు పొక్కులు లేచాయి. ఒకటే మంట. దవాఖానలో డాక్టరమ్మ చూడగానే అక్కి అంది.

"చిన్నప్పుడు అమ్మవారు పోసిందా?"

"పదేండ్లప్పుడు పోసిందమ్మా," అంది మా ఇంటామె.

"ఆ క్రిమి అప్పటినుంచి పోలే. నరంలో దాక్కుంది. అది దూరిన కణాలను పట్టి చంపేటి కణాలు మన ఒంట్లనే ఉంటయి. ఇన్నేండ్లు అవే దాన్ని లేవనియ్యలే. వయసు మీదపడితే అవి తగ్గుతయి, ఉన్నవాటికీ చంపే సత్తువ తక్కువైతది. మాత్రలు ఏడు రోజులు ఆపొద్దు. నుదుటి మీది అక్కి కంట్లకు దిగుతది, రేపే కంటి డాక్టరుకు చూపియ్యిండ్రి."

లోలోపల నవ్వుకున్నాను. రంగు వెలుస్తుందని భయపెట్టి ఖరీదైన చీర అంటగట్టడం నాకు తెలియని విద్యా?

"మూడు రోజులకు రాయుండ్రి డాక్టరమ్మా. తగ్గకపోతే మళ్ల వస్తం."

"ఇది మీ దుకాణంల చీర కాదు పెద్దాయనా."

మందుల దుకాణంలో మూడు రోజులవే తీసుకున్నాను. కంటి డాక్టరు ఊసే ఎత్తలేదు. నాలుగో రోజుకు పొక్కులు చెక్కు కట్టాయి, గెలిచాననుకున్నాను. ఐదో రోజు కన్ను ఎర్రబడింది. అప్పుడైనా దవాఖానకు పోయానా? మల్దకల్ వైపు ఒక కుమ్మరాయన ఎర్రమన్నుతో అక్కి రాస్తాడంటే, ఆమెను ఆటో ఎక్కించాను.

ఆయన ఆమె గడ్డం ఎత్తి చూసి, మన్ను గిన్నె పక్కకు పెట్టాడు.

"కంట్లకు దిగింది. నేను రాయను, షావుకారీ. దవాఖానకు తోలుకపో."

రేటు పెంచడానికే అనుకున్నాను. "ఎంత కావాలె, చెప్పు."

"బేరం తప్ప నీకు ఇంకేం తెల్వదా?"

"పోదాం పా," అంది మా ఇంటామె. "నాకు మబ్బు మబ్బుగ కనపడుతుంది."

"ఎప్పటినుంచి?"

"నిన్నటినుంచి. చెప్తే మళ్ల యాడ బేరం పెడ్తవో అని చెప్పలే."

కంటి డాక్టరు చాలాసేపు చూశాడు. "జర ముందు వచ్చుంటే ఈ కన్ను దక్కేది," అన్నాడు.

మా దుకాణంలో ధర చెప్పేది నేను. చీరకు అంచు కలిసేచోట నేత లోపం పట్టేది ఆమె. ఇప్పుడు ఎడమ కంటి దగ్గరికి తెచ్చుకుని, వేలితో తడిమి, "నువ్వే చూడు" అని నా మీదికి తోస్తుంది.

వయసు ఆమె ఒంట్లోని కాపలాను సగం చంపింది. అది నా తప్పు కాదు. వయసు వంతు తీసేసినా మిగిలిన లెక్క ఇది. తెచ్చినవి మూడు రోజుల మాత్రలు. మిగిల్చినవి నాలుగు రోజులవి. పోయింది కుడి కన్ను. ఆ కన్ను నాది కాదు, ఆమెది.