బాడుగకు పోయిన వంటింటి కథ

మా వంటింటిది మట్టి మిద్దె. దూలాల మీద కట్టెలు పరిచి, వాటిపైన చవుడు మట్టి పోసి తొక్కిన పాత కప్పు. వాన పడితే నీళ్ళు కారేవి, వాన లేకపోతే మట్టి రాలేది. అదీ సరిగ్గా నేను సంగటి కెలికేటప్పుడు కుండలోకే రాలేది. పళ్ళ కింద ఇసుక పడితే నా మొగుడు ఆ కప్పును ఏమీ అనేవాడు కాదు, నన్ను అనేవాడు. అప్పటికి నేను కొత్త కోడల్ని. కర్నూలు పాత ఊళ్ళో ఆ ఇంట్లో మేమిద్దరం, మా అత్త, పెరటి కొట్టంలో ఒక బర్రె. ఆయనకు పత్తి మిల్లులో పని.

నేను కోరిందల్లా ఒక్కటే. వంటింటి మీద చవుడు తీసేసి బేతంచెర్ల బండలు పరిపించమన్నాను. మేడలేమీ అడగలేదు. డబ్బెక్కడిదని ఆయన తల పట్టుకుంటే, మా నాయన పెట్టిన వెండి కడియాలు కాళ్ళ నుంచి తీసి ముందు పెట్టాను. బరువైనవి, నడిస్తే కాళ్ళను ఈడ్చేవి. నాకు వాటిమీద పెద్ద మోజు కూడా లేదు.

"ఇవి అమ్మి కప్పు బాగు చేపిచ్చు" అన్నాను.

ఆయన వాటిని ముట్టుకోను కూడా ముట్టుకోలేదు. "పెండ్లాం కడియాలు అమ్మి ఇల్లు బాగు చేపిచ్చుకున్నాడని బజార్లో నవ్వరా? నా పరువేం గావాల? తొడుక్కో పో" అన్నాడు.

దాచుకోవడం దేనికి, ఆ మాటకు మురిసిపోయాను. ఇంత పరువున్న మనిషిని కట్టుకున్నానని పక్కింటావిడకు చెప్పుకున్నాను కూడా.

సరిగ్గా అప్పుడే కర్నూలుకు రాజధాని వచ్చింది. కచేరీలు డేరాల్లో, గుమాస్తాలు డేరాల్లో. తలదాచుకోవడానికి ఒక గది దొరికితే చాలని కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగులు సందు సందూ తిరిగేవాళ్ళు. ఊళ్ళో సొంత ఇల్లున్న ప్రతివాడి కళ్ళూ నెత్తికెక్కాయి. గొడ్లను కట్టేసే చోటికి సున్నం కొట్టి బాడుగకిచ్చిన మహానుభావులున్నారు. వచ్చిన రాజధాని ఇంక ఎక్కడికీ పోదని అందరి ధీమా.

మావాడూ ఒక గుమాస్తాను పట్టుకొచ్చాడు. ముందు గదులు రెండూ వాళ్ళకు. ఏడాది బాడుగ ముందే ఇస్తారు, ఆ డబ్బుతో వంటింటి కప్పు. వినడానికి బాగానే ఉంది. చవుడు దించారు, బండలు ఎత్తారు, పొగ పోయేందుకు పైన గవాక్షి పెట్టారు, కింద కూడా నున్నటి బండలు పరిచారు. సున్నం ఆరకముందే గుమాస్తా భార్య వచ్చి చూసింది.

"వంటిల్లు లేకుండా కాపురం ఎలా చేస్తామండీ? ఇంకొకళ్ళు వండుకునే పొయ్యి మీద నేను వండలేనండీ" అంది, ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని.

నేను నోరు తెరిచేలోపే నా మొగుడు పళ్ళన్నీ బయటపెట్టి, "దాందేముందమ్మా, ఇల్లంతా మీదే అనుకోండి" అన్నాడు. ఆ ఇకిలింపు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు కంపరమెత్తుతుంది. నాతో మాట్లాడేటప్పుడు ఆ పళ్ళు నేనెన్నడూ చూడలేదు. ఇంకో ఏడాది బాడుగ చేతిలో పడింది. దాంతో వీధి అరుగుకు పాలిషు బండలు, వాకిలి తలుపుకు రంగు. ఆ అరుగు మీద కూర్చుని బీడీ తాగేది ఎవరో చెప్పాలా?

మేము కొట్టంలోకి మారాం. బర్రెకూ మాకూ మధ్య ఒక గోనెపట్టా తెర. మూడు రాళ్ళు పెట్టి వండేదాన్ని. వాన వస్తే గొడ్డు ఉచ్చ పొయ్యి దాకా పారేది. అన్నం ముందు కూర్చుంటే ముద్దకన్నా ముందు ఈగ నోటికి చేరేది. నా జుట్టు పెండ వాసన, చీర పెండ వాసన. బావి దగ్గర నేను ముట్టుకున్న చేదను గుమాస్తా భార్య మళ్ళీ కడుక్కునేది. ఆమెను కసితీరా తిట్టుకునేదాన్ని. కానీ ఆమె డబ్బిచ్చి చేరింది. డబ్బు తీసుకున్నవాడు నా పక్కనే గురక పెట్టేవాడు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "కొట్టంలో పండుకుంటే పరువు పోదా?"

"కొట్టంలోకి ఎవురొచ్చి జూస్తాండారు? అందరూ అరుగు జూస్తారు."

ఉబ్బసంతో ఊపిరాడక ఎగబీలుస్తూ కూడా అత్త కొడుకు వైపే మాట్లాడింది. "వాడు మన కోసరమే గదమ్మే చేస్తాండాడు!"

చివరికి రాజధాని హైదరాబాదుకు సామాను కట్టుకుంది. డేరాలు పీకేశారు. గుమాస్తా బండి సందు మలుపు తిరగకముందే నేను చీపురు పట్టుకుని వంటింట్లోకి దూరాను. గోడల మసి కడిగాను, పొయ్యి అలికాను, నా కుండలు తెచ్చి వరుసగా పెట్టుకున్నాను. పాదాల కింద బండలు చల్లగా ఉన్నాయి. కొర్రన్నం వండి ఊరుబిండి పచ్చడి నూరాను. ఒక్క మట్టిరేణువు పడలేదు. అత్త మళ్ళీ పెట్టించుకుని తింది. నాకు ఏడుపొచ్చింది.

ఆయన కడుపారా తిని త్రేన్చి, కప్పు వైపు చూశాడు. "జూసినావా? నీ కడియాలు ముట్టుకోకుండానే లేపినా వంటిల్లు" అన్నాడు. తరువాత చెయ్యి కడుక్కుంటూ, ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా, "కుండలు ఈ పొద్దే కొట్టంలోకి ఎత్తుకో. రేపు చెనక్కాయల సేటు మూటలు దింపుతాడు. ఇల్లు గోదాముకిచ్చినా. దుడ్లు గూడా తీసుకున్నా" అన్నాడు.

"ఆ దుడ్లు ఏంటికి?"

"అరుగు మీదికి రేకులు తెప్పిస్తా. శానా ఎండ పడతాండాది."

తిన్నదంతా ఆ చల్లటి బండల మీదే కక్కుకున్నాను. అత్త గబగబా బూడిద తెచ్చి చల్లింది. ఆయన రెండడుగులు వెనక్కి జరిగి, "బాగ కడుగు, మూటలకు వాసన పడతాది" అన్నాడు.

కడిగాను. కుండలెత్తుకుని మళ్ళీ కొట్టంలోకి నడుస్తుంటే కడియాలు కాళ్ళను ఈడ్చాయి. అక్కడే విప్పి పెట్టెలో పడేశాను. మళ్ళీ తొడగలేదు. ఆయన పోయిన తరువాత కూడా అమ్మలేదు. అంత ఖరీదు పెట్టి కాపాడుకున్న పరువు కదా, అలాగే ఉండనిచ్చాను. ఎప్పుడైనా పెట్టె తెరిచినప్పుడు తీసి కుంకుడు రసంతో తోముతాను. ఎంత తోమినా వాటికి పెండ వాసన పోదు.