తూకానికి కొన్న దుర్భిణి

దుర్భిణిని ఇత్తడి లెక్కన తూచి, అందులో అద్దాల బరువును తరుగు కింద తీసేయించిన మొనగాణ్ణి పర్చూరు మొత్తానికి నేనొక్కణ్ణే. మొన్న ఒంగోలులో ఒక గ్రానైటు వ్యాపారి గృహప్రవేశానికి వెళితే, హాల్లో సోఫా పక్కన, గోడవైపు మూతి పెట్టుకుని అదే నిలబడి ఉంది. పాత చుట్టాన్ని పలకరించబోయినట్టు ఒక అడుగు వేసి ఆగిపోయాను.

పొగాకు కంపెనీ దొరెవరో వదిలిపోతే అది గుమాస్తా ఇంట చేరి, అక్కణ్ణుంచి మా సైన్సు మాస్టారి మేడమీదికి వచ్చింది. పంతొమ్మిది వందల తొంభైల చివర్లో, చేతులు వణికి ఎక్కడ కింద పడేస్తానోనన్న భయంతో ఆయన దాన్ని మా ఇత్తడి సామాన్ల కొట్టుకు తెచ్చారు. "ముందు ఒక్కసారి చందమామను చూడరా. ధర సంగతి తర్వాత," అన్నారు. నేను చూస్తానా! సరుకు నచ్చినట్టు మొహంలో కనబడితే బేరం చెడుతుందని బిందెల మధ్య పెరుగుతూ నేర్చుకున్నవాణ్ణి. చూడకుండానే కొన్నాను.

అది కొట్లో ఉన్నన్నాళ్ళూ నాకు కుదురు లేదు. చందమామ ఎదురు మేడ దాటగానే చెయ్యి అటే పోయేది. చూస్తే మోజు పడతాను, మోజు పడితే అమ్మలేను. చెయ్యి వెనక్కి లాక్కునేవాణ్ణి. మాస్టారు శనివారం శనివారం వచ్చి గల్లాపెట్టె పక్కన స్టూలు మీద కూర్చునేవారు.

"చూశావట్రా?"

"అమ్ముడుపోనీండి మాస్టారూ, తీరిగ్గా చూస్తాను."

"అమ్మేశాక ఏం చూస్తావురా, సన్నాసీ!"

కొన్నేళ్ళకు ఆ గ్రానైటాయన కొంటానన్నాడు. పట్టుకెళ్ళే ముందు ఒక్కసారి చందమామను చూసుకుంటానని మాస్టారు కబురు పెట్టారు. అమ్మే సరుకు మెరవాలి కదా అని నేను గొట్టాన్ని చింతపండుతో తోమి, అదే ఊపులో అద్దాలనూ ముగ్గుపిండితో రుద్దాను. చందమామ ఎదురు మేడ దాటే వేళకు మాస్టారు వచ్చి కన్ను పెట్టారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టారు. తర్వాత అద్దాన్ని వేలితో తడిమారు.

"దేంతో తుడిచావురా?"

"ముగ్గుపిండితో మాస్టారూ. కొత్తదానిలా లేదూ?"

ఆయన తలెత్తి చూశారు. నిండు చందమామ, ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు.

"మబ్బేసిందిలేరా," అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాతి శనివారం స్టూలు ఖాళీగానే ఉంది. ఆ పై శనివారమూ అంతే.

మొన్న భోజనాల హడావుడిలో ఎవరూ చూడకుండా గొట్టాన్ని కిటికీవైపు తిప్పి, మొట్టమొదటిసారి కన్ను పెట్టాను. అంతా మజ్జిగ తెలుపు.

లెక్క దాచను. ఇత్తడి మీద లాభం బాగానే వచ్చింది. తరుగు కింద మాస్టారి శనివారాలు పోయాయి, నేను చూడని చందమామ పోయింది. ఇన్నేళ్ళకు నాకు మిగిలిందల్లా, వెన్నెల రోజుల్లో కొట్టు కట్టేసి ఇంటికి పోతూ తల దించుకు నడిచే అలవాటు.