కర్ఫ్యూ నాటి లెక్కల పాఠం

మొన్న సంతోష్‌నగర్‌ల మా బిడ్డ ఇంటికి పోయేసరికి మనుమరాలు తలుపు వేసుకొని పడుకున్నది. బీకాం మొదటి సంవత్సరం పిల్ల, పొద్దున లెక్కల పరీక్షకని బయలుదేరి, బస్‌స్టాపు దాక పోయి, వచ్చిన బస్సు ఎక్కకుండ వాపసు వచ్చిందట. పక్కన కూసొని చెయ్యి పట్టుకుంటే మంచుగడ్డ లెక్క ఉన్నది. మంచం మీద ఫోన్ల ఎవరో సారు డెరివేటివ్ అంటే ఏందో గడగడ చెప్పుకుంటపోతున్నడు, వినేవాళ్లు లేరు. ‘అమ్మమ్మా, నీకెప్పుడన్న లెక్కలంటే గిట్ల భయమైందా?’ అని అడిగింది. లెక్కల పేరు చెప్తే అరచేతులు చల్లబడ్డ రోజులు నా ఈడువాళ్లల్ల చానామందికి ఉండే ఉంటయి. కాని నా భయం లెక్కలతోని ఆగలేదు.

నేను కార్వాన్‌ల బర్లున్న ఇంట్ల పుట్టిన. బాపు తెల్లవారకముందే పాలు పిండి, సైకిల్‌కు క్యాన్లు కట్టుకొని నది మీది పురానాపూల్ వంతెన దాటి ఇల్లిల్లూ తిరిగి పోసి వచ్చేటోడు. మా ఇంట్ల కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషిని నేనే. పదో తరగతితోని లెక్కల పీడ వదిలిందనుకొని, కథల పుస్తకం తీరుగ చదువుకోవచ్చని ఎవరో చెప్తే బీఏల ఎకనామిక్స్ తీసుకున్న. తీరా చేరినంక తెలిసింది, అండ్ల కూడ ఒక లెక్కల పేపరున్నదని, అది మొత్తం ఇంగ్లీషులనే చెప్తరని. తెలుగు మీడియంల చదివినదాన్ని, మేడం బోర్డు మీద వంకర గీతలు గీసి ‘స్లోప్’ అన్నప్పుడల్ల అదేదో తిట్టేమో అన్నట్టు తలకాయ వంచుకునేదాన్ని. ఒకనాడు నన్నే బోర్డు కాడికి పిలిచింది. ఎక్స్ నెత్తి మీది చిన్న రెండు కిందికెందుకు దిగుతదో నాకు తెలువదు. చాక్‌పీసు చెమటకు తడిసి మెత్తబడ్డదే గాని ఒక్క అక్షరం పడలేదు. క్లాసుల ఎవ్వరూ నవ్వలేదు; నవ్వినా బాగుండు అనిపించింది. ఆ పేపరు తప్పితే చదువు బంద్ అని, బర్లకాడ చేతులు సాలుతలేవని అమ్మ ముందే చెప్పి పెట్టింది.

నా బెంచి మీదనే కూసునే, నది అవతలి హుస్సేనీ ఆలం వాడ పిల్ల నాకు ప్రాణమిచ్చే స్నేహితురాలు, ఆమెకూ ఆ పేపరు కొరకరాని కొయ్యనే. వాళ్ల నాయిన అక్క, అంటే వాళ్ల ఫూఫీ, ఆడపిల్లల బడిల లెక్కలు చెప్పి రిటైరై వాళ్లింట్లనే ఉంటుండె. ఆమె చెప్తనన్నది. బాపు ముందుగాల తానొక్కడే పోయి, వాళ్ల గడప ముందట నిలబడి, ఆమెతోని నాలుగు మాటలు మాట్లాడి వచ్చి, పంపుదామని అమ్మతో అన్నడు. ఏం మాట్లాడిండో నాకు ఇప్పటికీ తెలువదు.

ఫూఫీ సన్నటి మనిషి; తెల్లటి దుపట్టా తల మీదికి లాక్కొని, పలక మీద రాసి చెప్పేది. మాది పాల ఇల్లని తెలిసి బర్రెతోనే మొదలుపెట్టింది. ఇంకో పిడికెడు దాణా వేస్తే ఇంకెన్ని పాలిస్తది? మొదట్ల బాగ పెరుగుతయి, తర్వాత కొంచెమే పెరుగుతయి, ఒకకాడికి వచ్చి పెరుగుడు ఆగిపోతది, అటెనుక ఎక్కువ పెడితే బర్రెకు జబ్బే. ఆ ఆగిన జాగలనే మీ డెరివేటివ్ సున్న, సమఝీ? అన్నది. మేడం గీసిన వంకర గీత నాకు ఆనాడు మొదటిసారి మా కొట్టం లెక్క కనపడ్డది.

పరీక్ష వారంల ఉన్నదనంగ, ఒక మధ్యాహ్నం ఆ పలక ముందట మేం కూసొని ఉండంగ బయట షట్టర్లు పడ్డ చప్పుడైంది. ఒకటి కాదు, బజారు పొడుగూత. పరుగెత్తే కాళ్లు, ఎవరో ఎవరినో పిలిచే కేకలు, వెనుకనే కర్ఫ్యూ అని మైకుల. ఫూఫీ లేచి తలుపుకు అడ్డగడియ వేసింది. నా స్నేహితురాలి నాయిన నది దాటి ప్రెస్సుల పనికి పోయిండు, రాలేదు. నా బాపు సాయంత్రం పాలకు బయలుదేరే యాళ్ల అది. ఇద్దరం ఒకరి మొఖం ఒకరం చూసుకోలేకపోయినం. ఆ ఇంట్ల నేనొక్కదాన్నే బొట్టు పెట్టుకున్న పిల్లను. ఎందుకో చెయ్యి దానంతటదే నుదుటి మీదికి పోయింది. ఫూఫీ చూసింది. దగ్గరికొచ్చి నా చెయ్యి కిందికి దించింది.

‘ఉండనియ్యి. ఘబ్రావ్ నక్కో బేటీ. లిఖో.’

భయపడకు, రాయి అని లెక్క ఇచ్చింది. రాసినం. రెండో డెరివేటివ్ గుర్తు తప్పు వేస్తే చెరిపించి మళ్ల రాయించింది. గల్లీల బూట్ల చప్పుడు దగ్గరికొచ్చినప్పుడల్ల ఆమె గొంతు ఇంకింత నిదానమైతుండె, చూపు మాత్రం అడ్డగడియ మీదికే పోతుండె. ఆమెకూ భయమే అని తెలిసినంక నాకు ఏడుపాగింది.

మరునాడు పొద్దున తలుపు చప్పుడైంది. ఫూఫీ తలుపు దగ్గరికి పోయి ‘కౌన్?’ అన్నది.

‘అమ్మా, కార్వాన్ పాలోన్ని. బిడ్డ మంచిగున్నదా?’

పాలవాళ్లను పోలీసులు కాసేపు విడిచిండ్రట. ఆ వాడల బాపుకు రోజూ పాలు పోసే వాడికె ఇండ్లు లేవు. క్యాన్లే పాసు చేసుకొని నా కోసం వచ్చిండు. పెదవులు ఎండిపోయి ఉన్నయి, సైకిల్ హ్యాండిల్ వదుల్తలేడు. నేను చెప్పులేసుకున్న. ఫూఫీ అడ్డం నిలబడి, రోడ్డు మీద ఆడపిల్లతోని ఎట్ల పోతవ్ భాయ్, నీ బిడ్డ నా బిడ్డ కాదా అన్నది. బాపు గల్లీ దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. చెంబెడు పాలు పోసి, ‘ఈడనే ఉండు బిడ్డా, చదువుకో. మీ అమ్మకు నేను చెప్పుకుంట’ అని వాపసు తిరిగిండు. అట్ల ఒక్కడే పోతుంటే ఆ వీపును చూసినప్పుడు పడ్డంత భయం నా జన్మల మళ్ల పడలేదు.

కర్ఫ్యూ ఎత్తేసేదాక రోజూ పొద్దున ఆ తలుపు చప్పుడయ్యేదాక నాకు ముద్ద దిగకపోయేది. వచ్చి పాలు పోసి పోయిండంటే, ఇంటికి చేరిండో లేదో మరునాటిదాక తెలిసేది కాదు. ఆ నడుమ ఉన్న పొద్దంత లెక్కలే. స్నేహితురాలి నాయిన కూడ క్షేమంగ వచ్చిండు, మనిషి సగమైండు. వాయిదాపడ్డ పరీక్ష కొన్నాళ్లకు పెట్టిండ్రు. ప్రశ్నల కాగితం చేతికొస్తే వేళ్లు ఎప్పటిలెక్కనే చల్లబడ్డయి, కాని చెయ్యి ఆగలేదు. ఇద్దరం పాసైనం. తర్వాత నేను జూనియర్ కాలేజీల ఎకనామిక్స్ చెప్పి రిటైరైన.

ఇదంత చెప్తే మనుమరాలు లేచి కూసున్నది. మళ్ల రాస్తనన్నది, రాస్తది.

బాపు లేడు, ఫూఫీ లేదు, కార్వాన్‌ల మా కొట్టం జాగల మూడంతస్తుల ఇల్లు లేచింది. ఇప్పుడు కోచింగ్ సెంటర్లు గల్లీకొకటున్నయి, ఎవ్వరూ నది దాటి పోవలసిన అవసరం లేదు. మావాళ్ల పిల్లలు నదికి ఈ దిక్కు, ఫూఫీవాళ్ల పిల్లలు ఆ దిక్కు మస్తు చదువుకుంటున్నరు, మాకంటె మంచి మార్కులే తెచ్చుకుంటున్నరు. కాని గల్లీల లొల్లి మొదలైననాడు, ఈ బిడ్డ మా ఇంట్లనే ఉంటదని అడ్డం నిలబడే మనిషి, సరే అని విడిచిపెట్టి పోయే తండ్రి ఇప్పుడు ఎంతమందికి ఉన్నరో నాకు తెలువదు. అది తలుచుకుంటే ఈ వయసుల మళ్ల కొంచెం భయమైతది.