మామ వదిలేసిన గీత

మా మామ పోయాడని వాళ్ల ఊరు ఎల్లారెడ్డి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను ఆయన మీద కోపంగానే ఉన్నాను. పది రోజుల్లో ఇస్తానన్న పని నెల దాటినా ఇవ్వలేదు. అవతల అత్తమ్మ గొంతు వినగానే, ఇంకో సాకు చెప్పడానికే చేసిందనుకున్నాను. "పొద్దుగాల చాయ తాగి మళ్ల ఒరిగిండు బిడ్డా, ఇగ లేవలే" అంది. కామారెడ్డిలో దుకాణం షట్టర్ దించి బస్సెక్కాను. దారి పొడుగునా ఏడుపు రాలేదు. గొడవ మధ్యలో లేచి వెళ్లిపోయిన మనిషి మీద వచ్చే విసుగే వచ్చింది. అది ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

నాది పాత ఫోన్లు కొని అమ్మే దుకాణం. లోపల ఎంత బాగున్నా, జనం ముందు అంచులే చూస్తారు. జేబులో తాళంచెవులతో కలిసి తిరిగిన ఫోన్‌కు చుట్టూ ఉన్న స్టీలు చట్రం మీద వెంట్రుకల్లాంటి గీతలు పడతాయి. అవి కనిపించాయా, బేరం తెగదు. మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు, వెండి పట్టగొలుసులకు మెరుగు పెట్టేవాడు. ఆ పని తగ్గిపోయి ఊరికే కూర్చున్నప్పుడు నా ఫోన్లు తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను.

మొదటి ఫోన్‌నే పాడు చేశాడు. నీలిరంగు అల్యూమినియం వీపు దానిది. వెండిని రుద్దినట్టు రుద్దితే మధ్యలో రంగు పోయి అరచేయంత తెల్లగా తేలింది. "రంగు పైపైననే ఉంటదని నువ్వు చెప్పాలె గద" అని నన్నే తిట్టాడు. ఆ తర్వాత రంగున్నదాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి తిరిగి ఇచ్చేసేవాడు, రుద్దేవాడు కాదు. రంగు లేని స్టీలు మాత్రమే పట్టేవాడు.

పట్టాడంటే ఇక మన ఓపిక అయిపోవాల్సిందే. తెరకు, కెమెరాకు, చార్జింగ్ రంధ్రానికి టేపు అంటించడానికే ఒక పూట. తర్వాత సన్నటి వాటర్ పేపర్‌ను, అంటే గరుకు కాగితాన్ని, కాస్త తడిపి ఒకే దిక్కుకు రుద్దడం, దానికంటే సన్నటిది తీసుకోవడం, చివర మెరుగు మందు అద్దిన గుడ్డ. నాలుగుసార్లు రుద్ది ఒకసారి గుమ్మంలోకి వెళ్లి వెలుతురుకు పట్టి చూసేవాడు. చిన్న మోటారు కొనిస్తానంటే, "మోటారుకు ఆగుడు తెల్వది" అన్నాడు.

ఒకరోజు నేను బాగా విసుక్కుంటే పని ఆపి నా మొహం చూశాడు. "గీతను తీస్తరా ఎవలన్న? అది గుంత. దాని సుట్టున్న మంచిదాన్ని అరగదీస్తం. అంతా గుంత లోతుకు దిగినంక గీత పోయిందంటం. ఎంత తక్కువ తీస్తే అంత మంచిది అల్లుడా." నేను గడియారం చూసుకుంటూ విన్నాను.

అన్నిటికంటే నన్ను మండించింది ఇంకొకటి. ప్రతి ఫోన్‌కూ కింది మూల దగ్గర ఒక్క గీత మిగిలి ఉండేది. కళ్లు మందగించాయనుకుని కామారెడ్డి తీసుకొచ్చి పరీక్ష చేయించాను. డాక్టర్ ఏ లోపమూ లేదన్నాడు. బయటికొచ్చాక మామ తాపీగా చెప్పాడు, "గది నేనే ఉంచుతున్న."

"ఎందుకు మామా?"

"కొన్నోడు కొత్తదనుకోవద్దు."

"నేనేమన్న కొత్తదని అమ్ముతున్ననా?"

"అంటలేవు. వాడు అనుకుంటే కాదని చెప్తున్నవా మరి?"

చెప్పేవాణ్ని కాదు. ఆ సంగతి ఆయనకెలా తెలిసిందో నాకు తెలియదు. ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. ఆయన్ను ఎల్లారెడ్డి బస్సెక్కించి దుకాణానికి వచ్చేశాను.

విచిత్రమేమిటంటే జనం ఆ గీతను అడగడం మొదలుపెట్టారు. చట్రం వంగిన ఫోన్‌ను, వీపు ఉబ్బిన ఫోన్‌ను ఆయన ముట్టకుండా, "దీన్ని అమ్మకు" అని వెనక్కి పంపేవాడు. అందుకే ఆయన చేతి మీదుగా వచ్చినవి చెడిపోయి తిరిగి రాలేదు. మహమ్మద్‌నగర్ నుంచి బీడీలు చుట్టే ఆడవాళ్లు ఒకరి మాట విని ఒకరు వచ్చేవారు. "మీ మామ గీతున్నదే చూపియ్యి" అనేవారు. నా దుకాణానికి ఇవాళ ఉన్న పరువు ఆయన పెట్టిందే. ఆ మాట ఆయనకు నేను ఒక్కసారీ చెప్పలేదు. చెబితే మురిసిపోయి ఇంకా ఆలస్యం చేస్తాడని భయం. ఇంత అల్పమైన కారణానికి చెప్పకుండా ఉండిపోయానని తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

దినాలయ్యాక మిగిలిన ఫోన్లు తెచ్చుకుని నేనే రుద్దడం మొదలుపెట్టాను. మూడింటిని చెడగొట్టాను. నాలుగోది కుదిరింది. ఎక్కడా ఒక్క గీత లేదు. అలాంటి దాని కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన నాకు, దాన్ని చూస్తే సంతోషం కలగలేదు.

మొన్న మహమ్మద్‌నగర్ నుంచి ఒకామె వచ్చింది. బిడ్డ నర్సింగ్ చదువుకు పోతోందట, మధ్యలో ఆగిపోని ఫోన్ కావాలంది. నాలుగోది చేతిలో పెట్టాను. తిప్పి చూసి, "గీతేది?" అంది. "ఇంకోటి తెస్తా అక్కా" అని దాన్నే తీసుకుని లోపలి గదిలోకి వెళ్లాను. సూది ఉంది. కింది మూల మీద మొన ఆనించాను. ఒక్క గీతే కదా. క్షణం పని. ఇన్నాళ్లూ ఏ గీత వద్దని ఆయనతో పోట్లాడానో, ఆ గీత పెట్టడానికి నాకు చేయి రాలేదు. సూది పక్కన పెట్టి అదే ఫోన్‌తో బయటికొచ్చాను.

"గిది మామ చేసింది కాదక్కా. ఆయన పోయిండు. నేనే చేసిన" అన్నాను.

"ఎందుకట్లంటవు, గీత ఉంటది" అంటూ ఆమె ఫోన్ తీసుకుని గుమ్మంలో ఎండకు పట్టింది. ఇటు వంచి, అటు వంచి, మూల వెంట బొటనవేలి గోరుతో తడుముతూ వెతుకుతూనే ఉంది.