మా ఆయన పంపిన ఒక్క కబురు

రోజూ తెల్లవారి నమాజు అయ్యాక మా ఆయన వంటింటి గడప మీద కూర్చుని ఫోనులోని కబుర్లు పైకి చదివేవాడు. నేను పులియబెట్టిన సోయా గింజల తెంపే ముక్కలు వేయిస్తూ సగం వినేదాన్ని, సగం వదిలేసేదాన్ని. ఒక్కో కబురు చదివి "నిజమేనంటావా?" అని అడిగేవాడు. "ఏమో, అయ్యుండొచ్చు" అనేదాన్ని. ఇప్పుడు మూకుట్లో నూనె చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది. ఆయన పోయి డెబ్బై రెండు రోజులయింది. ఫోను మాత్రం ఇంకా మోగుతూనే ఉంది. నేను చదివింది మూడో తరగతి. అక్షరాలు కూడబలుక్కుని చదివేసరికి ఇంకో కబురు వచ్చి పడుతుంది.

ఆయన పేరు సర్ముజి. చేపల రేవు పక్కన చిన్న కొట్లో రేడియోలు బాగుచేసేవాడు. మసీదు మైకు కూడా ఆయనే చూసుకునేవాడు కాబట్టి ఊళ్ళో ఎవరు పోయినా ఆ కబురు చెప్పడం ఆయన వంతే అయింది. దానికి ఆయనకో పద్ధతుండేది. ఎవరొచ్చి చెప్పినా, ఎంత ఏడుస్తూ చెప్పినా, సైకిలెక్కి ఆ ఇంటికి వెళ్ళి ముఖం చూసి వస్తేగాని మైకు పట్టుకునేవాడు కాదు.

ఒకసారి పక్క ఊరి పెద్ద గురువుగారు పోయారని గుప్పుమంది. ఆడవాళ్ళు వీధిలోకొచ్చి ఏడుస్తున్నారు. ఈయన మైకు కట్టేసి సైకిలెక్కాడు. వెళ్ళేసరికి గురువుగారు అరుగు మీద కూర్చుని గంజి తాగుతున్నారట.

"ఏం సర్ముజీ, నేను పోయానో లేదో నన్నే అడగడానికొచ్చావా?" అన్నారట ఆయన.

"మీరు పోలేదని మా ఊళ్ళో ఒక్కళ్ళూ నమ్మడం లేదండీ, సాక్ష్యానికి గంజి గిన్నె ఇప్పించండి" అన్నాడట ఈయన. ఊరంతా ఏడాదిపాటు చెప్పుకుని నవ్వింది. అప్పట్నించీ సర్ముజి చెప్పాడంటే నిజమే అని పేరు పడిపోయింది. తర్వాత మసీదు గ్రూపు పెట్టినప్పుడు కమిటీ పెద్ద హాజీ మునావి ఆయనకో ఫోను కొనిచ్చి, గ్రూపు ఆయన చేతిలోనే పెట్టారు.

మొన్న బుధవారం కస్లాన్ వచ్చాడు. బక్సో బండి నడిపే మనిషి. మాంసపు ఉండలు పులుసులో వేసి ఇస్తాడు, మా వీధి పిల్లలు ఆ బండి గంట వింటూ పెరిగారు. నాలుగు నెలల కిందట అతని ఉండల్లో పంది మాంసం కలుపుతున్నాడని ఒక ఫొటోతో గ్రూపులో కబురు వచ్చింది. మా ఊళ్ళో అంతకంటే పెద్ద మాట ఇంకేముంటుంది? మర్నాటినుంచి ఊరు కొనడం మానేసింది. ఇప్పుడు ఏడు కిలోమీటర్లు బండి తోసుకుంటూ టౌను సంతకు పోతున్నాడు.

"వదినా, ఒక్క సాయం చెయ్యి" అన్నాడు, లోపలికి రాకుండా. "గ్రూపులో పెట్టింది హాజీ మునావి. ఎవరు చెప్పారండీ అంటే, నమ్మకస్తుడు పంపాడు, పేరు చెప్పను అంటాడు. ఆ మొదటి మనిషిని తీసుకురా, శుక్రవారం మైకులోనే తప్పని చెప్తానన్నాడు. నాకు మాంసం ఇచ్చేది మన ఊరి కసాయే, అతన్నడిగితే చాలదా? కాంగ్ సర్ముజి ఫోన్లో అన్నీ ఉంటాయి. కాస్త చూడవూ?"

మా ఆయనకంటే చిన్నవాడు, అన్నగా చూసుకుని 'కాంగ్' అనే పిలిచేవాడు. చూస్తానన్నాను.

ఆ సాయంత్రమంతా ఫోను ముందేసుకుని కూర్చున్నాను. గ్రూపులో హాజీగారు పెట్టిందే మొదటిది. హాజీ మునావికి మా ఆయన విడిగా పంపినవి తెరిచాను. అక్కడుంది. అదే ఫొటో, అదే రాత. హాజీగారు గ్రూపులో పెట్టడానికి పదకొండు నిమిషాల ముందు మా ఆయన ఫోను నుంచే వెళ్ళింది. పైనా కిందా ఒక్క మాట కూడా రాయలేదు. ఆయనకి అది ఎక్కడినుంచి వచ్చిందో ఎంత వెతికినా దొరకలేదు.

చావు కబురుకు మైళ్ళు తొక్కిన మనిషి, రెండు సందుల అవతలున్న కస్లాన్ దగ్గరికి వెళ్ళలేకపోయాడా? ఫొటోలో బండి ఆకుపచ్చదే, కానీ దాని అద్దానికి పగులు లేదు. కస్లాన్ బండి అద్దం మూల పగిలితే నల్ల టేపు వేసి అతికించింది ఈయనే. అది కనిపించలేదా? ఆయన కుడి కంటికి పొర వచ్చి ఉంది, ఆపరేషను అప్పటికింకా కాలేదు. అందుకేనా? లేక నిజమో కాదో కనుక్కోమని హాజీకి పంపి, ఆ మాట రాయడం మర్చిపోయాడా?

ఇంకోటుంది. ఆ కబురు వచ్చిన తర్వాత ఊళ్ళో కస్లాన్ దగ్గర తిన్నది మా ఆయన ఒక్కడే. రోజూ సాయంత్రం అసరు నమాజు కాగానే నడిరోడ్డు మీద నిలబడి, అందరూ చూస్తుండగా, గిన్నెడు తినేవాడు. "సర్ముజికి రుచి మరిగింది" అని జనం వెక్కిరించారు. తిన్నాడు గాని నోరు విప్పి ఒక్క మాట చెప్పలేదు. మైకు చేతిలో ఉన్న మనిషి! నెలన్నర అలా తిని, ఒక ఉదయం కుప్పకూలిపోయాడు. చేసిన తప్పుకు తిన్నాడో, తప్పు తనది కాదనుకుని తిన్నాడో నాకు తెలియడం లేదు.

నన్ను బాధపెడుతున్నది మాత్రం మరొకటి. ఆ రోజు పొద్దున ఈ కబురు ఆయన నాకు చదివి వినిపించి ఉంటాడు. నేను ఏమన్నాను? "అయ్యో, పిల్లలు తింటారు, ముందు హాజీగారికి పంపెయ్" అన్నట్టు గుర్తు. అన్నానో, ఇప్పుడు అనుకుంటున్నానో.

మర్నాడు హాజీ మునావి ఫోను కోసం వచ్చారు, గ్రూపును వేరేవాళ్ళకి అప్పగించాలని. నేను చూసింది చెప్పాను. ఆయన కాసేపు టోపీ సర్దుకున్నారు.

"నాదాంట్లో తీసేశాను చెల్లెమ్మా. నువ్వూ తుడిచెయ్. పోయినవాళ్ళ తప్పు కప్పిపెట్టడం పుణ్యం."

"బతికున్నవాడి సంగతేంటండీ?"

"అల్లా చూసుకుంటాడు. ఇదిగో, ఇలా నొక్కి పట్టుకో, చెత్తబుట్ట బొమ్మ వస్తుంది. రేపు నమాజుకు ముందు వచ్చి తీసుకెళ్తాను."

ఆయన చెప్పింది తప్పని నేనెలా అనను? పోయినవాళ్ళ మంచే చెప్పాలని చిన్నప్పటినుంచీ విన్నదే. లేనిపోని నింద వేయడం ఘోర పాపమని కూడా అదే నోటితో విన్నాను. రెండూ ఒకే ఇంట్లోకి వస్తే ఏది ముందు కూర్చోవాలో ఎవరూ నేర్పలేదు.

చీకటి పడకముందే కస్లాన్‌కి కబురంపి, ఫోను అతని చేతిలో పెట్టాను. చాలాసేపు చూశాడు.

"కాంగేనా?" అన్నాడు.

"ఆయన ఫోనే."

"నా దగ్గర తిన్నది ఆయనొక్కడే కదా వదినా!" ఫోను నా ఒళ్ళోకి తోసేశాడు. "వద్దు. తుడిచెయ్. ఆయన పేరు మైకులో అనిపించుకుని నేనేం ఉండలమ్ముకోను?"

"మరి నీ పిల్లలు?"

"సంత ఉందిగా. కాళ్ళున్నాయి." చెప్పులు వెతుక్కుంటూ అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

అంటే తుడవమని ముగ్గురిలో ఇద్దరు చెప్పినట్టే. మూడోది నేను, నాకేమో ఏమీ తోచడం లేదు.

శుక్రవారం పదకొండు గంటలకు హాజీగారు అత్తరు రాసుకుని వచ్చారు. "తుడిచావా?"

"లేదండీ. కస్లాన్‌కి చూపించాను. మొదటి మనిషి పేరు కావాలన్నారు కదా, దొరికింది. మైకులో చెప్పండి. పంపెయ్యమన్నది ఆయన భార్య అని కూడా చెప్పండి."

"నువ్వన్నావా?"

"అనే ఉంటాను. అప్పుడు తెంపే వేయిస్తున్నాను, సరిగా గుర్తులేదు."

"గుర్తులేనిది మైకులో ఎలా చెప్తాం, పిచ్చిదానా?"

"కస్లాన్ సంగతి కళ్ళారా చూసే గ్రూపులో పెట్టారా?"

ఆయన ముఖం ఎర్రబడింది. గుమ్మంలోనే నిలబడ్డారు, వెళ్ళనూ లేదు, కూర్చోనూ లేదు. మసీదులోంచి పారాయణం మొదలైంది. "తుడిచి ఇవ్వు, నేనిక్కడే ఉంటాను" అన్నారు, ఈసారి మెల్లగా.

ఫోను నా చేతిలోనే ఉంది. ఆ చెత్తబుట్ట బొమ్మ కూడా వచ్చింది. అది నొక్కడం పుణ్యమో పాపమో నాకు ఇప్పటికీ తెలియదు. బొటనవేలు తీసేసి, తుడవకుండానే ఫోను ఆయన ముందు పెట్టాను.