గీత దూరం, దారి దూరం

మాకు పెళ్లయిన కొత్తలో చోడవరంలో ఉండేవాళ్లం. మా ఆవిడ తమ్ముడి పెళ్లి చీడికాడ దగ్గర పల్లెలో జరిగింది. వాళ్లింట్లో తాళికి మూడో ముడి పెళ్లికొడుకు అక్కే వేయాలి. అయినా పొద్దున్నే బయల్దేరిన పెళ్లివారి బస్సు ఎక్కవద్దన్నాను. ఫోన్ మ్యాపులో రెండు ఊళ్ల మధ్య తిన్నగా గీత గీసి, "పన్నెండు కిలోమీటర్లే, బండి మీద వెళ్లిపోదాం" అన్నాను.

గీతకు కొండ అడ్డం రాలేదు, దారికి వచ్చింది. ఊళ్లన్నీ చుట్టి, చెరకు ట్రాక్టర్ల వెనక నెమ్మదిగా పోతుంటే, మా ఆవిడ ఏడుపు గొంతుతో అడిగింది: "గీత మీద బండెల్తాదేటండీ?"

పందిట్లోకి పరుగెత్తేసరికి మా బావమరిది రెండు ముళ్లు వేసి, దారం కొసలు వదలకుండా నిలబడి ఉన్నాడు. పంతులుగారు తొందరపెడుతున్నారు. అక్కను చూడగానే బావమరిది అరిచాడు:

"రాయే అప్పా! నా సేతులు పడిపోతన్నాయి, ఈ గుంట మెడ పడిపోతంది!"

తల వంచుకున్న పెళ్లికూతురు కూడా నవ్వేసింది. మా ఆవిడ కళ్లు తుడుచుకుని ముడి వేసింది. నేను మాత్రం నెపం ట్రాక్టర్ల మీదకు తోసేశాను.

ఇప్పటికీ నేను దూరం చెబితే, "గీతా, దారా?" అని నవ్వుతుంది. ఆ రోజు చెప్పని క్షమాపణ గుర్తొచ్చి, గంట ముందే బండి తీస్తాను.